పద్దెనిమిది నిండినా క్రూయిజ్‌లో క్యాబిన్ ఎందుకు ఇవ్వరు?

పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయి ఓటు వేయొచ్చు, ఉద్యోగంలో చేరొచ్చు, ఒంటరిగా విమానమెక్కి ఇంకో ఖండానికి చదువుకోడానికి వెళ్లొచ్చు. అదే అమ్మాయి ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి అమెరికాలోని మయామి నుంచి నాలుగు రోజుల క్రూయిజ్‌కి, అంటే ఓడ మీద విహారయాత్రకి, వెళ్దామంటే మాత్రం చాలా కంపెనీల్లో కుదరదు. డబ్బు కట్టగలిగినా, పాస్‌పోర్టు ఉన్నా, ఇంట్లోవాళ్లు సరేనన్నా కుదరదు. రాయల్ కరీబియన్ లాంటి క్రూయిజ్ కంపెనీ ఓడే స్పెయిన్‌లోని బార్సెలోనా నుంచి బయల్దేరితే మాత్రం కుదురుతుంది.

ఇది అన్యాయం కదా అనిపిస్తుంది. ఆ సంగతికి తర్వాత వద్దాం, ముందు గజిబిజి ఎక్కడుందో చూడాలి. "క్రూయిజ్‌కి ఎన్నేళ్లు నిండాలి?" అని అడిగితే ఒక్క అంకె జవాబుగా రాదు. ఓడ మీద నాలుగైదు వయసులు ఒకేసారి పనిచేస్తుంటాయి. పెద్దల తోడు లేకుండా క్యాబిన్ (ఓడలో గది) తీసుకోడానికి ఒకటి, మద్యానికి ఒకటి, క్యాసినోకి ఒకటి, టీనేజర్ల క్లబ్బుకి ఒకటి, ఓడ ఆగిన ఊళ్లో అక్కడి చట్టం చెప్పేది ఇంకొకటి. అందుకే స్నేహితుల్లో ఒకరు "18 చాలట" అంటారు, ఇంకొకరు "కాదు, 21" అంటారు, మూడోవాళ్లు "మా అన్నయ్యకి 22, వాడు తోడొస్తే సరిపోతుంది" అంటారు. ముగ్గురూ నిజమే చెప్తుండొచ్చు. వాళ్లు మాట్లాడుతున్నది వేర్వేరు కంపెనీల గురించి, లేదా వేర్వేరు రేవుల గురించి.

ఇది చట్టం కాదు, ఒప్పందం

21 అనగానే అది అమెరికా చట్టం అనుకుంటారు చాలామంది. క్యాబిన్ విషయంలో అలాంటి చట్టమేమీ లేదు. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 18 నిండితే మేజరే. అలబామా, నెబ్రాస్కాల్లో 19, మిసిసిపీలో 21. ఇక ఓడల సంగతికొస్తే, అమెరికా రేవుల నుంచి తిరిగే పెద్ద క్రూయిజ్ ఓడల్లో చాలావరకు బహామాస్, పనామా లాంటి దేశాల జెండా కింద నమోదై ఉంటాయి. ఆ దేశాల్లోనూ మేజర్ అయ్యే వయసు 18. ఇంటి దగ్గరి చట్టం చూసినా, ఓడ మీద ఎగిరే జెండా చూసినా, 19 ఏళ్ల కుర్రాడు చాలా సందర్భాల్లో పెద్దవాడే.

మరి ఆపేదెవరు? కంపెనీ. టికెట్ కొనేటప్పుడు చివర్లో ఒక గడిలో టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాం కదా, దాని వెనక పేజీలకు పేజీలు సాగే ప్రయాణ ఒప్పందం ఉంటుంది. ఎవరిని ఎక్కించుకుంటారో, ఎవరు ఎవరితో ఉండాలో, తేడా వస్తే ఎవరిని దించేస్తారో అంతా అందులోనే. ఎవరూ చదవరు కాబట్టి చెల్లదు అనుకోడానికి లేదు. కార్నివాల్ అనే క్రూయిజ్ కంపెనీకీ షూట్ దంపతులకీ మధ్య నడిచిన కేసులో 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ఆ దంపతులు లాస్ ఏంజలెస్ నుంచి మెక్సికో వైపు వెళ్లే ఓడ ఎక్కారు. ఓడలోని వంటశాల చూపిస్తున్నప్పుడు ఆమె కాలు జారి పడ్డారు. సొంత రాష్ట్రంలో దావా వేస్తే, గొడవ ఏదైనా ఫ్లోరిడా కోర్టులోనే తేల్చుకోవాలని టికెట్ మీద రాసి ఉందని కంపెనీ అడ్డుచెప్పింది. టికెట్ మీద అచ్చైన ఆ షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. ఆ కేసుకీ వయసుకీ సంబంధం లేదు. కానీ టికెట్‌తో పాటు వచ్చే షరతుల బలం ఎంతో దాన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి "మా అబ్బాయి మేజర్, ఆపడానికి మీరెవరు?" అని కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు. అమెరికాలో చాలా హోటళ్లు కూడా 21 నిండనివాళ్లకు గది ఇవ్వవు. కారు అద్దెకిచ్చే కంపెనీలు 25 లోపువాళ్ల దగ్గర అదనంగా వసూలు చేస్తాయి. క్రూయిజ్ నిబంధనదీ ఇదే కోవ.

21 ఎక్కడి నుంచి వచ్చింది

మద్యం నుంచి. కొంచెం వెనక్కి వెళ్తే గానీ ఇది అర్థం కాదు.

1971లో అమెరికా రాజ్యాంగానికి 26వ సవరణ వచ్చి ఓటు వయసు 18కి దిగింది. ఆ ఊపులో చాలా రాష్ట్రాలు మద్యం వయసు కూడా తగ్గించేశాయి. కుర్రవాళ్లు తాగి బండి నడిపి చనిపోతున్నారన్న ఆందోళన పెరగడంతో 1984లో అక్కడి కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఒక చట్టం చేసింది. మద్యం వయసును నేరుగా 21కి మార్చలేదు. 21 లోపువాళ్లకు మద్యం అమ్మనిచ్చే రాష్ట్రాలకు హైవేల నిధుల్లో కోత పెడతామంది. దక్షిణ డకోటా రాష్ట్రం దీనిమీద కోర్టుకెక్కి 1987లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. 1988కల్లా రాష్ట్రాలన్నీ 21కి వచ్చేశాయి.

ఇప్పుడు క్రూయిజ్ ఓడను ఊహించుకోండి. పది పదిహేను అంతస్తులు, ఏ అంతస్తులో దిగినా ఒక బార్. ఒక క్యాబిన్‌లో నలుగురూ 19 ఏళ్లవాళ్లే. రాత్రి రెండింటికి ఏదైనా జరిగితే పిలవడానికి పోలీస్ స్టేషన్ లేదు. ఓడ భద్రతా సిబ్బంది, ఓడ డాక్టరు, అంతే. ఎవరైనా బాల్కనీ మీంచి పడినా, దెబ్బలు తగిలినా, అమ్మాయి మీద ఎవరైనా అఘాయిత్యం చేసినా కేసు వచ్చేది అమెరికా కోర్టుకే, చాలాసార్లు ఫ్లోరిడాకే. అక్కడ జ్యూరీ ముందు నిలబడి "21 నిండనివాళ్లు నలుగురికి గది ఇచ్చాం, పక్కనే బార్ ఉంది, చూసుకునే పెద్దవాళ్లు ఎవరూ లేరు" అని చెప్పే పరిస్థితి ఏ కంపెనీ తెచ్చుకోదు.

నిబంధన ఇలాగే పుట్టిందని నేను నమ్మడానికి గట్టి ఆధారం ఒకటుంది. క్యాబిన్ వయసు, మద్యం వయసు జంటగా నడుస్తాయి. రాయల్ కరీబియన్‌నే చూడండి. ఉత్తర అమెరికా నుంచి బయల్దేరే ప్రయాణాల్లో తోడు లేకుండా క్యాబిన్ తీసుకోడానికి 21, మద్యానికీ 21. యూరప్, ఆసియా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాల నుంచి బయల్దేరితే రెండూ 18. పిల్లల పెద్దరికం గురించి కంపెనీకి ఏదో సిద్ధాంతం ఉంటే అట్లాంటిక్ దాటగానే అది మారిపోదు కదా.

రేవు మారితే వయసు మారుతుంది

అందుకని ముందు అడగాల్సిన ప్రశ్న "మాకెన్నేళ్లు?" అన్నది కాదు, "ఓడ ఎక్కడి నుంచి బయల్దేరుతుంది?" అన్నది. మయామి, గాల్వెస్టన్, సియాటిల్ లాంటి అమెరికా రేవులైతే 21 అనుకునే మొదలుపెట్టాలి. కెనడాలోని వాంకూవర్ నుంచి అలస్కా వెళ్లే ఓడ అయినా అంతే. బ్రిటిష్ కొలంబియాలో మద్యం వయసు 19 అయినా సరే, ఉత్తర అమెరికా రేవు కాబట్టి రాయల్ కరీబియన్‌లో 21 నిబంధనే వర్తిస్తుంది. బార్సెలోనా, సౌతాంప్టన్, సింగపూర్ అయితే ఆ కంపెనీలో 18 చాలు. కొన్ని ఓడలు ఎండాకాలం యూరప్‌లో, చలికాలం కరీబియన్‌లో తిరుగుతుంటాయి. కాబట్టి ఓడ పేరు చూసి వయసు నిబంధన తేల్చలేం. పోయిన వేసవిలో ఒకరు ఎక్కారంటే ఈ డిసెంబరులో మీరూ ఎక్కగలరని కాదు. అట్లాంటిక్ దాటి ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి వెళ్లే ప్రయాణమైతే ఏ నిబంధన వర్తిస్తుందో కంపెనీనే అడిగి జవాబు రాతలో తీసుకోవడం మేలు.

బ్రిటన్‌లో మేజర్ అయ్యే వయసు 1970 జనవరిలో 21 నుంచి 18కి దిగింది, మద్యం కొనడానికీ 18 చాలు. అందుకే అక్కడి ప్రయాణికుల కోసం నడిచే ఓడల్లో 21 అన్న అంకె ఇంతగా వినపడదు.

పెద్దలకు మాత్రమే అని చెప్పుకునే ఓడలూ ఉన్నాయి. పీ అండ్ ఓ క్రూయిజెస్ వాళ్ల ఆర్కేడియా, అరోరా ఓడల్లోకి 18 నిండనివాళ్లను రానివ్వరు. వర్జిన్ వాయేజెస్ అయితే కంపెనీ మొత్తం 18 దాటినవాళ్లకే. ఇది చూసి "18 అయితే చాలన్నమాట" అని సంబరపడే ముందు ఒక్క క్షణం ఆగాలి. 18 లోపువాళ్లు ఎక్కకూడదు అన్నది ఒక నిబంధన. 18 నుంచి 20 వరకు ఉన్నవాళ్లు తోడు లేకుండా ఎక్కొచ్చా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు విడిగా వెతుక్కోవాలి.

22 ఏళ్ల అన్నయ్య సరిపోతాడా?

ఇంట్లో బేరాలన్నీ దాదాపు ఇక్కడికే వచ్చి ఆగుతాయి. తమ్ముడికి 19, వాడి స్నేహితులకు 19, 20. అన్నయ్యకి 22. "అన్నయ్య వెంట ఉంటాడు కదా, పంపించండి" అని అడుగుతారు.

రాయల్ కరీబియన్‌లో, నార్వేజియన్ అనే ఇంకో కంపెనీలో గీత 21 దగ్గర ఉంది. అన్నయ్య 21 దాటాడు కాబట్టి అతను ఉన్న క్యాబిన్‌లో తమ్ముడు ఉండొచ్చు. కార్నివాల్‌లో లెక్క వేరు. 21 నిండనివాళ్లకు తోడుగా 25 నిండిన బంధువో గార్డియనో రావాలి. 22 ఏళ్ల అన్నయ్య తనకు తానుగా కార్నివాల్ ఓడ ఎక్కగలడు గానీ తమ్ముడిని తన బాధ్యత మీద తీసుకెళ్లలేడు. 24 ఏళ్ల అక్కయ్యా తీసుకెళ్లలేదు. పెళ్లై సంసారం చేసుకుంటున్న అక్కయ్య సొంత తమ్ముడికి తోడుగా పనికిరాదనడం నాకు కాస్త అతిగానే అనిపిస్తుంది. అయినా నిబంధన అదే, బుకింగ్ సమయంలో దాన్ని మార్చే అధికారం ట్రావెల్ ఏజెంటుకి ఉండదు.

కార్నివాల్‌లో ఇంకో వైపు సడలింపు ఉంది, అది చాలామందికి తెలియదు. తోడు వచ్చే పెద్దవాళ్ల గదికి ఎంత దగ్గరలో ఉండాలన్నది పిల్లల వయసును బట్టి మారుతుంది. 12, అంతకన్నా చిన్నవాళ్లయితే పక్క గదిలోనో ఎదురు గదిలోనో ఉండాలి. 13 నుంచి 17 వరకు మూడు గదుల దూరం దాకా ఉండొచ్చు. 18 నుంచి 20 వాళ్లకు దూరం పట్టింపే లేదు, తోడు అదే ఓడలో ఉంటే చాలు. అంటే ఒక పిన్ని, బాబాయి వేరే అంతస్తులో హాయిగా ఉంటూ, 19 ఏళ్ల పిల్లలకు వేరే క్యాబిన్ ఇప్పించవచ్చు. రాయల్ కరీబియన్ పద్ధతి ఇలా కాదు. ప్రతి క్యాబిన్‌లో 21 నిండినవాళ్లు ఒకరు ఉండాలి. తల్లిదండ్రులతో వెళ్తూ, వాళ్ల క్యాబిన్‌తో లోపలి నుంచి తలుపు కలిసే క్యాబిన్‌లో ఉంటే ఈ షరతు సడలిస్తారు.

ఒక కంపెనీ తోడు వయసు పెంచి దూరం వదిలేసింది. ఇంకో కంపెనీ తోడు వయసు తగ్గించి గదిలోనే ఉండమంది. ఎనిమిది మంది స్నేహితుల గుంపులో ఈ తేడా ఎంత పెద్దదో చూడండి. నలుగురు పట్టే క్యాబిన్లు రెండు కావాలి. గుంపులో 21 దాటినవాళ్లు ఒక్కరే ఉంటే రాయల్ కరీబియన్‌లో ఒక క్యాబిన్‌కే సరిపోతుంది, రెండో క్యాబిన్‌కి ఇంకొకరు కావాలి. పైగా ఆ 21 ఏళ్ల స్నేహితుడి మీద పడే భారం తక్కువేమీ కాదు. గది తాళంగా, బిల్లులకూ వాడే తన ఓడ కార్డు మీద డ్రింకు తీసుకుని 19 ఏళ్ల స్నేహితుడి చేతిలో పెడితే ఇద్దరికీ ఇబ్బందే. మద్యం అనుమతి తీసేస్తారు, విషయం ముదిరితే తర్వాతి రేవులో దించేస్తారు, ఇంటికి తిరిగెళ్లే ఖర్చు దిగినవాళ్లదే. తన ఈడువాళ్లకు గార్డియన్‌గా సంతకం పెట్టమని ఒక 21 ఏళ్ల కుర్రాడిని అడిగే ముందు ఇదంతా అతనికి విడమరచి చెప్పాలి. చాలా గుంపుల్లో చెప్పరు, అతన్ని వయసు కోసం మాత్రమే వెంట తీసుకెళ్తారు. అది సరైన పని కాదు.

పెళ్లైనవాళ్లకు, సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు ఈ రెండు కంపెనీల్లోనూ మినహాయింపు ఉంది. పెళ్లి ధ్రువపత్రమో సైనిక గుర్తింపు కార్డో చూపించాలి. నిశ్చితార్థం అయిందంటే మాత్రం లెక్కలోకి రాదు.

పుట్టినరోజు ఎప్పుడు?

ఓడ ఆదివారం బయల్దేరుతుంది. గుంపులో పెద్దవాడికి మంగళవారం 21 నిండుతాయి. రెండు రోజులే కదా, సర్దుకుంటారులే అనుకుంటే పొరపాటే. క్యాబిన్ విషయంలో చూసేది ఓడ బయల్దేరే రోజున ఉన్న వయసు. ఆదివారం నాటికి అతనికి 20 ఏళ్లే, కాబట్టి అతన్నే పెద్దగా చూపించి బుక్ చేయడానికి లేదు. అదే టికెట్ తర్వాతి ఆదివారానికి తీసుకుంటే ఇబ్బందేమీ ఉండదు.

మద్యం విషయంలో ఇంకాస్త ఉదారంగా ఉంటారు. రాయల్ కరీబియన్‌లో అయితే ప్రయాణం మధ్యలో 21 నిండినవాళ్లు గెస్ట్ రిలేషన్స్ కౌంటర్‌కి వెళ్లి పాస్‌పోర్టు చూపిస్తే కార్డులో వయసు మార్చి ఇస్తారు. తోడు లేకుండా ఆ ఓడ ఎక్కడానికి పనికిరాని వయసువాడే అమ్మానాన్నలతో వచ్చి ఉంటే మంగళవారం సాయంత్రం బార్‌లో కూర్చోవచ్చన్నమాట. రెండు వయసులు వేర్వేరు అన్నది ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది

వయసు దాచి బుక్ చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అన్న ఆలోచన ఎక్కడో ఒకచోట వస్తుంది. వెబ్‌సైట్‌లో పుట్టిన తేదీ మనమే కదా నింపేది. నిజమే, తప్పు తేదీ వేసినా అక్కడ డబ్బు తీసుకోవచ్చు. తేలేది ప్రయాణం రోజు టెర్మినల్‌లో. పెట్టెలు అప్పజెప్పి, సెక్యూరిటీ దాటి కౌంటర్ ముందుకు వస్తారు. అక్కడ పాస్‌పోర్టును యంత్రం మీద పెడతారు, అందులోని పుట్టిన తేదీ బుకింగ్‌లో ఉన్న తేదీతో సరిపోవాలి. సరిపోకపోతే అక్కడితో ఆగిపోతుంది. కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికి జాలి ఉన్నా అధికారం ఉండదు. ఓడ వెళ్లిపోతుంది, డబ్బు తిరిగి రాదు, ఇంటికి వెళ్లే విమానం టికెట్ అప్పటికప్పుడు కొనుక్కోవాలి. పెట్టెలు అప్పటికే ఓడలోకి చేరిపోతే వాటిని వెనక్కి తెప్పించుకునే పనొకటి.

ఇలా ఆగిపోయేది ఒక్కళ్లే అయినా ఇబ్బంది ఆ ఒక్కళ్లతో పోదు. ఆ క్యాబిన్‌లో 21 దాటిన మనిషి అతనే అయ్యుంటే మిగతా ముగ్గురికీ తోడు లేనట్టే. నలుగురూ రేవులోనే ఉండిపోతారు.

బుక్ చేసేటప్పుడు పెద్దవాళ్లను చెరొక క్యాబిన్‌లో పిల్లలతో చూపించి, ఎక్కాక పెద్దలంతా ఒక గదిలో, పిల్లలంతా ఒక గదిలో సర్దుకునే పద్ధతి కుటుంబాల్లో చాలాకాలంగా ఉంది. వయసు విషయంలో ఇందులో అబద్ధం లేదు. చాలా ఓడల్లో గెస్ట్ రిలేషన్స్ వాళ్లను అడిగితే రెండో గదికి కూడా తాళంకార్డు చేసిస్తారు. కానీ ఒప్పందం ప్రకారం బాధ్యత మాత్రం కాగితం మీద ఉన్నట్టే ఉంటుంది. పిల్లల గదిలో అద్దం పగిలితే బిల్లు వచ్చేది ఆ గదిలో పేరున్న పెద్దమనిషికే.

ఓడ ఎక్కాక: ఎటూ కాని మూడేళ్లు

18, 19, 20 ఏళ్లవాళ్ల పరిస్థితి ఓడ మీద ఏంటో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కార్నివాల్‌లో పెద్ద టీనేజర్ల కోసం క్లబ్ ఓటూ ఉంది, అది 15 నుంచి 17 వరకే. నార్వేజియన్‌లో టీన్ క్లబ్ 13 నుంచి 17 వరకు. 18 నిండగానే ఆ తలుపు మూసుకుంటుంది. బార్ తలుపు తెరుచుకోడానికి ఇంకా మూడేళ్లుంది. ఒకే గుంపులో 17 ఏళ్లవాళ్లు, 18 ఏళ్లవాళ్లు కలిసి వెళ్తే మొదటి సాయంత్రమే గుంపు రెండుగా చీలుతుంది. ఇద్దరి మధ్య తేడా ఒక్క నెలే అయినా సరే.

క్యాసినో దగ్గర ఇంకో విచిత్రం. కార్నివాల్‌లో, రాయల్ కరీబియన్‌లో జూదానికి 18 చాలు. అలస్కా వెళ్లే రాయల్ కరీబియన్ ఓడల్లో మాత్రం 21. అంటే 19 ఏళ్ల కుర్రాడు బీరు అడిగితే ఇవ్వరు గానీ అదే బల్ల దగ్గర కూర్చుని వందల డాలర్లు పోగొట్టుకోవచ్చు. చాలా ఓడల్లో ఆ డబ్బు తాళంకార్డు మీదే తీసుకోవచ్చు, అది వెళ్లి ఆ కార్డుకు ముడిపెట్టిన క్రెడిట్ కార్డు మీద పడుతుంది. ఆ క్రెడిట్ కార్డు నాన్నది అయితే బిల్లు చూసేది ప్రయాణం అయ్యాకే. మద్యం గురించి పది ప్రశ్నలడిగే తల్లిదండ్రులు క్యాసినో గురించి ఒక్కటి కూడా అడగరు. పిల్లల ఖాతాకు ఖర్చు పరిమితి పెట్టించమని మొదటి రోజే అడిగితే ఆ పని అక్కడికక్కడే చేసి ఇస్తారు.

నార్వేజియన్‌లో ఒక మధ్యేమార్గం ఉంది. తల్లో తండ్రో అదే ఓడలో ఉండి కాగితం మీద సంతకం పెడితే 18 నుంచి 20 వాళ్లకు అంతర్జాతీయ జలాల్లో బీరు, వైన్ వరకు ఇస్తారు. ఆ సమయంలో తల్లిదండ్రులు వెంటే ఉండాలి. అలస్కా, హవాయి ప్రయాణాలకు ఈ వెసులుబాటు లేదు. స్నేహితుడి నాన్న సంతకం పనికిరాదు, ఎవరి పిల్లలకు వాళ్లే పెట్టాలి.

ఓడ ఆగిన ఊళ్లో మళ్లీ లెక్క మారుతుంది. బహామాస్‌లో, మెక్సికోలో, జమైకాలో మద్యం వయసు 18. రేవులో దిగిన 19 ఏళ్లవాళ్లు అక్కడి బార్‌లో తాగితే అక్కడి చట్టం ప్రకారం తప్పు కాదు. కానీ సాయంత్రం ఓడలోకి తిరిగొచ్చేటప్పుడు తూలుతూ వస్తే గ్యాంగ్‌వే (ఓడ ఎక్కే దారి) దగ్గర సిబ్బంది ఊరుకోరు. నాకు ఎక్కువ భయం కలిగించేది ఈ ఆరేడు గంటలే. ఓడ మీద అడుగడుగునా కెమెరా ఉంది, కార్డు అడిగేవాళ్లున్నారు. తెలియని ఊళ్లో అవేవీ లేవు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. నలుగురు దిగితే నలుగురూ కలిసే తిరిగి ఎక్కాలని, ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు తప్పకుండా పక్కనే ఉండాలని దిగకముందే మాట అనుకోవాలి.

పదహారు, పదిహేడు వాళ్ల సంగతి

18 నిండనివాళ్లకు దారి ఒక్కటే, పెద్దవాళ్ల తోడు. స్నేహితురాలి కుటుంబంతో వెళ్లే 17 ఏళ్ల అమ్మాయికి పాస్‌పోర్టు ఒక్కటే చాలదు. రాయల్ కరీబియన్ అడిగేది ఏంటంటే, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు సంతకం చేసిన నోటరీ లేఖ, అసలు ప్రతి. అందులో మూడు విషయాలుండాలి. ఫలానా పెద్దవాళ్లు ఫలానా ప్రయాణానికి మా అమ్మాయిని తీసుకెళ్లవచ్చు, ఆమె బాధ్యత చూసుకుంటూ ఆటలకు, వాటర్ స్పోర్ట్స్‌కి కావాల్సిన పత్రాల మీద సంతకాలు పెట్టవచ్చు, డాక్టరు అవసరమన్న వైద్యం చేయించవచ్చు. మూడోదే అసలైనది. నడిసముద్రంలో అపెండిసైటిస్ నొప్పి వస్తే అమ్మకు ఫోను కలిసేదాకా ఆగే పరిస్థితి ఉండకపోవచ్చు. లేఖలో ఓడ పేరు, తేదీలు, ఇంటి ఫోను నంబర్లు రాయడంతో పాటు మందుల అలర్జీ ఏదైనా ఉంటే అదీ రాయండి. కంపెనీ అడగకపోయినా రాయండి.

అమెరికా పౌరులకు ఒక చిన్న వెసులుబాటు ఉంది. బయల్దేరిన అమెరికా రేవుకే తిరిగొచ్చే ప్రయాణమైతే 16 లోపు పిల్లలు జనన ధ్రువపత్రంతో వెళ్లి రావచ్చు. స్కూలు గుంపుగానో చర్చి గుంపుగానో పెద్దల పర్యవేక్షణలో వెళ్తే 19 లోపువాళ్లకూ అది సరిపోతుంది. అయినా పాస్‌పోర్టు తీసుకెళ్లమనే నేను చెప్తాను. రేవులో ఆసుపత్రి పాలై ఓడ వెళ్లిపోతే, పరాయి దేశం నుంచి విమానంలో ఇంటికి రావడానికి జనన ధ్రువపత్రం పనికిరాదు.

అందరూ 18 నుంచి 20 మధ్యే అయితే

తోడు ఎవరూ దొరకని గుంపుకి ఇలాంటి కంపెనీల్లో మిగిలే దారులు రెండే. మొదటిది, 18 చాలనే రేవు నుంచి బయల్దేరే ప్రయాణం ఎంచుకోవడం. విమానం ఖర్చు పెరుగుతుంది, వీసాలు కావాల్సి రావచ్చు, కానీ నిబంధనతో పెనుగులాట ఉండదు. రెండోది, ఒక కుటుంబాన్ని కలుపుకోవడం. ఎవరో ఒకరి అమ్మానాన్నలు అదే ఓడలో వేరుగా సెలవు గడుపుతుంటే, కార్నివాల్ లాంటి చోట 18 దాటిన పిల్లలకు ఎంత స్వేచ్ఛ కావాలో అంతా దొరుకుతుంది. అయితే 25 నిండిన బంధువు లేదా గార్డియన్ అన్న మాట ఉంది కాబట్టి, స్నేహితుడి తల్లిదండ్రులు మిగతా ముగ్గురు పిల్లలకు ఏ హోదాలో తోడవుతారో, దానికి ఏ కాగితం అడుగుతారో ముందే తేల్చుకోవాలి.

నా ఫిర్యాదు నిబంధన మీద కాదు, అది కనపడే తీరు మీద. నడిసముద్రంలో బాధ్యత వహించాల్సిన కంపెనీ ఒక గీత గీసుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ ఆ గీత ధర పక్కనే, తేదీ పక్కనే పెద్ద అక్షరాల్లో ఉండాలి. స్కూలు అయిపోయిన సందర్భంగా రెండేళ్లు డబ్బు దాచుకున్న పిల్లలకు అది పదో పేజీలో ఎదురవకూడదు.

బుక్ చేసేముందు కంపెనీకి మెయిల్ రాయండి. బయల్దేరే రేవు, తేదీ, ప్రతి ఒక్కరి పుట్టిన తేదీ, ఎవరు ఏ క్యాబిన్‌లో ఉంటారు, తోడు వచ్చే పెద్దవాళ్లు వాళ్లకు ఏమవుతారు, ఇవన్నీ ఒకే మెయిల్‌లో పెట్టి ఈ గుంపును ఎక్కించుకుంటారా అని సూటిగా అడగండి. ఫోనులో చెప్పిన మాట కౌంటర్ దగ్గర ఎవరికీ గుర్తుండదు. వచ్చిన జవాబును ప్రింట్ తీసి పాస్‌పోర్టులతో పాటు పెట్టుకోండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి చివరి చెల్లింపు గడువుకు ముందు ఇంకోసారి చూసుకోండి. ఆ గడువు సాధారణంగా ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు ఉంటుంది, అది దాటాక రద్దు చేసుకుంటే డబ్బు కోత మొదలవుతుంది.